మళ్ళీ చూపించండి

బొబ్బిలి నుంచి నాగభూషణం అనే ఆయన పంపిన ఫిర్యాదును కుముద పావుగంటలో మూసేసింది. ఆ పావుగంటలోనే అక్కకి జడ కూడా వేసింది.

ఫిర్యాదు తెలుగులో ఉంది, ఫోన్లో తడుముకుంటూ కొట్టినట్టు. "అమ్మా, ఊపిరి బిళ్ళలోకి కొత్త వెర్షన్ వచ్చిన మర్నాడు మా ఆవిడ టీవీలో ఏదో చూసి బాగా నవ్విందండి. నవ్వి ఊరుకుంది. ఊరుకున్నాక ఊపిరి తియ్యలేదండి. నేను హడలిపోయి రొమ్ము మీద గట్టిగా నొక్కితే మళ్ళీ మొదలైంది. ఒకసారి చూడండి."

కుముద చూసింది. గది మూల బల్ల మీద రబ్బరు ఊపిరితిత్తుల జత ఒకటి ఉంటుంది, దాని మధ్య అలాంటి ఊపిరి బిళ్ళ ఒకటి. కొత్త వెర్షన్ ఎక్కించి, దగ్గు తెప్పించి, తుమ్ము తెప్పించి రెండు వందల సార్లు నడిపించింది. రబ్బరు తిత్తులు తాపీగా ఉబ్బాయి, తాపీగా తగ్గాయి. ఫిర్యాదు కింద "మళ్ళీ జరిపించి చూడలేకపోయాం. ఇంకోసారి జరిగితే వివరాలతో మళ్ళీ చూపించండి" అని రాసి మూసివేత గుర్తు పెట్టేసింది. ఆ రోజు అలాంటివి ఇంకో పదకొండు మూసింది.

ఆమె చూసుకునేది జాజి అనే ప్రోగ్రామింగ్ భాషని. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్పు సూచించవచ్చు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చేది ఐదుగురు. అందరూ వాళ్ళని పెద్దలు అంటారు. కాకినాడ రామారావుపేటలో మేడ మీద రెండు గదుల వాటాలో కూర్చుని పన్నెండేళ్ళుగా వాళ్ళలో ఒకతెగా ఆ పెద్దరికం చేస్తోంది కుముద. జాజికి ఒక గొప్ప ఉంది. అందులో రాసిన ప్రోగ్రాము ఆగకుండానే మారిపోగలదు, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే కింద గిన్నె మార్చేసినట్టు. ఆగితే ప్రాణం పోయే చోట్ల అది తప్ప ఇంకేదీ పనికిరాదు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక జ్వరం దేశదేశాలూ తిరిగింది. బతికి బయటపడ్డవాళ్ళలో కొందరికి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడ్డాయి. వాళ్ళ కోసం ఒక కంపెనీ చింతగింజ కంటే కాస్త పెద్ద బిళ్ళ తయారుచేసింది. మెడ ఎముక కింద పెడితే అది నరాన్ని మీటి ఊపిరి తీయిస్తుంది. మనిషి తనంతట తాను తీస్తున్నట్టు కనిపిస్తే పక్కకి తప్పుకుంటుంది. ఆ బిళ్ళలో నడిచేది జాజి. కంపెనీ నాలుగేళ్ళకే మూతపడింది. బిళ్ళ మీద బతుకుతున్న ముప్పై ఎనిమిది వేల మంది మిగిలారు. వాళ్ళ సంఘం వచ్చి బతిమాలితే పెద్దలు సరేనన్నారు. అప్పటినుంచి జాజి కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా బిళ్ళలు వంతులవారీగా దాన్ని గాలిలోంచి అందుకుంటున్నాయి. ముందుకు వెళ్ళడమే గాని పాత వెర్షన్‌కి తిరిగి రావడం వాటికి రాదు.

కుముద అక్క రత్నమాల ఆ ముప్పై ఎనిమిది వేలలో ఒకతె. ఇరవై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. జ్వరం ఊపిరితో పాటు భుజాల పట్టు కూడా తీసుకుపోయింది. చెయ్యెత్తి తల దువ్వుకోలేదు గాని, నోటికి మాత్రం ఏమీ కాలేదు.

"ఎవరే పాపం, ఆ బొబ్బిలాయన?" అంది ఆ రోజు, జడ వేయించుకుంటూ తెర మీదికి తొంగిచూసి.

"ఏదో భయపడ్డాడక్కా. మనకి రోజూ ఉండేవే."

"భయపడ్డవాడికి నాలుగు మంచి మాటలు రాయొచ్చుగా. మా డిపో మేనేజరులా రాశావు."

కుముద నవ్వేసింది. డిపో మేనేజరులా రాయడానికి ఆమెకి కారణం ఉంది. వెర్షన్ పన్నెండప్పుడు ఎవరో గగ్గోలు పెడితే, నిజమో కాదో చూడకుండా పెద్దల్లో ఒకరైన మార్తా అనే పోలండు ఆవిడ రాత్రికి రాత్రే సవరణ రాసి పంపేసింది. గగ్గోలు ఉత్తదే. సవరణ మాత్రం నలుగురి ఊపిరి ఆపింది. ఆ తర్వాత కుముదే ఒక నియమం రాసింది. ఏ తప్పునైనా కనీసం ఇద్దరు పెద్దలు తమ కళ్ళతో చూడాలి, అప్పుడే బిళ్ళల మీద చెయ్యి వేయాలి. అందరూ మెచ్చుకున్నారు. ఆ నియమం వచ్చాక నాలుగేళ్ళలో ఒక్కరూ పోలేదు.

నాగభూషణం రెండో ఉత్తరం తొమ్మిది రోజుల తర్వాత వచ్చింది.

"ఇంకోసారి జరిగితే మళ్ళీ చూపించండి అన్నారు కదమ్మా. మొన్న మంగళవారం మళ్ళీ జరిగిందండి. ఆ టైముకి నేను రేషను కోసం వెళ్ళాను. పక్కింటావిడతో మాట్లాడి నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిందంట. నేను వచ్చేసరికి అయిపోయింది. చూపించడానికి ఇప్పుడు మనిషి లేదు. వివరాలు ఏం కావాలో చెప్పండి, రాస్తాను."

కుముద మళ్ళీ చదివింది. ఆయన ఎక్కడా తిట్టలేదు. వివరాలు ఏం కావాలో అడిగాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకి.

అప్పుడే పక్కగదిలో రత్నమాల దేనికో నవ్వింది.

నవ్వు ఆగింది. కుముద కుర్చీ తన్నేసి పరిగెత్తింది. అక్క మంచం మీద దిండుకి ఆనుకుని ఉంది, ఫోను ఒళ్ళో ఉంది, నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. కుముద గుమ్మంలోనే నిలబడిపోయింది. అక్క జాకెట్టు మీది పూల వైపు చూసింది. అవి కదలడం లేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. మూడు దగ్గర పూలు పైకి లేచాయి.

"ఏంటే, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?" అంది రత్నమాల.

"ఏం లేదక్కా. నవ్వావని."

"నవ్వితే పన్ను వేస్తారా ఏంటి?"

అక్క బిళ్ళలో వెర్షన్ పందొమ్మిది నాలుగు రోజుల కిందటే చేరింది. అది తెలిసి కూడా కుముద ఏమీ చెప్పకుండా వెనక్కి వచ్చి కూర్చుంది. వెర్షన్ పందొమ్మిదిలో చేసిన మార్పుల జాబితా తెరిచింది.

కారణం దొరకడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. మూడు నెలల కిందట ఎవరో ఒక ప్రతిపాదన పెట్టారు: "ఎవరూ వాడని పాత ముక్కల తొలగింపు." బహిరంగంగా కనిపించే జాజి ప్రోగ్రాములన్నీ వెతికితే ఆ ముక్కని వాడేవాళ్ళు ఒక్కరూ లేరని లెక్క కట్టారు. నిజమే, లేరు. వాడేది బిళ్ళలు. బిళ్ళలు మనుషుల లోపల ఉంటాయి. వాటి ప్రోగ్రాము మూతపడ్డ కంపెనీ పెట్టెల్లో ఉంది. అక్కడ ఎవరూ వెతకలేదు. జాజిలో ఒక ఆచారం ఉంది. ప్రతిపాదన పెట్టాక ఏడు రోజులు ఆగుతారు. ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. ఆ ఏడు రోజుల్లో కుముద శీర్షిక చూసింది, చెత్త ఊడ్చే పనే కదా అనుకుని ముందుకు వెళ్ళిపోయింది. ఎవరూ కాదనలేదు.

తీసేసిన ముక్క చేసే పని చిన్నది. మనిషి నవ్వినప్పుడు రొమ్ము ఎగిరెగిరి పడుతుంది. బిళ్ళ దాన్ని చూసి మనిషి సొంతంగా ఊపిరి తీస్తున్నాడనుకుని తప్పుకుంటుంది. రెండు సెకన్లు ఆగి, ఇంకా తీస్తున్నావా అని నరాన్ని మళ్ళీ తట్టి చూసేది ఆ పాత ముక్కే. ఇప్పుడది లేదు. మరీ పగలబడి నవ్వితే బిళ్ళ తప్పుకుంటుంది, మళ్ళీ అడగదు. అవతలి నుంచి కదలిక లేకపోతే అంతా బాగుందనే అనుకుంటుంది. పెద్దల ఏడు రోజుల ఆచారం కూడా సరిగ్గా అదే.

సవరణ రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పంపడానికి ముగ్గురు పెద్దల సంతకాలు కావాలి. ఐదుగురిలో ఒకాయన ఆస్పత్రిలో ఉన్నాడు, ఇంకొకాయన ఏడాదిగా జవాబే ఇవ్వడం లేదు. మిగిలింది తను, హైదరాబాదులో ఖదీరు, పోలండులో మార్తా.

"నేను నమ్ముతున్న కుముదగారు," అన్నాడు ఖదీరు తెర మీద. "మీరు చెప్పింది చదివిన. తప్పు అక్కడనే ఉంది. కానీ మార్తాని అడగాలె."

మార్తా అరవై దాటిన మనిషి. ఇంగ్లీషులో మెల్లగా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ మాట్లాడుతుంది. "రబ్బరు బల్ల మీద చూపించు, ఇప్పుడే సంతకం పెడతాను" అంది.

"బల్లకి నవ్వడం రాదు మార్తా. చనిపోయింది ఒక మనిషి."

"నాకు నలుగురు మనుషుల పేర్లు వచ్చు. ఊళ్ళు కూడా వచ్చు. వాళ్ళు నా తొందర వల్ల పోయారు. నీకు తోచింది నిజమే కావచ్చు కుముదా. అప్పుడు నాకు తోచింది కూడా నిజమే అనిపించింది. చూడకుండా నేను పెట్టను. నియమం రాసింది నువ్వే."

మార్తా స్థానంలో ఉంటే తనూ ఆ మాటే అనేదని కుముదకి తెలుసు. అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

మూడు రోజులు రబ్బరు తిత్తులని నవ్వించడానికే ప్రయత్నించింది. రికార్డు చేసిన నవ్వుల ఊపులన్నీ తెచ్చి వాటిలో పోసింది. నరం లేని రబ్బరు ఊపుని బిళ్ళ మనిషి ఊపిరిగా పొరబడలేదు, ప్రతిసారీ పనిచేసింది. ఈలోపు సంఘం ద్వారా నోటీసు పంపించారు: బిళ్ళ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వకండి, పక్కన మనిషి లేకుండా ఉండకండి. నవ్వొద్దన్న నోటీసు చూసి జనం నవ్వారు. దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు, బొమ్మలు వేశారు. తంజావూరులో ఒకతను చనిపోయాడు, మనీలాలో ఒక ముసలావిడ. ఎలా పోయారో చూసినవాళ్ళు లేరు. సోమవారానికి మిగిలిన సగం బిళ్ళల్లోకీ పందొమ్మిది చేరుతుంది; దాన్ని ఆపాలన్నా అవే మూడు సంతకాలు కావాలి.

ఇంట్లో కుముద టీవీ తీగ పీకేసింది. పక్కింటి సత్యవేణి వస్తే అక్క పడుకుందని చెప్పి పంపేసింది. కూరలో ఉప్పు మర్చిపోయింది. రత్నమాల రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున్న జడ వేయించుకుంటూ అడిగింది.

"నేను చచ్చిపోతున్నానా?"

కుముద దువ్వెన ఆపి అన్నీ చెప్పింది. బొబ్బిలి సంగతి కూడా చెప్పింది. రత్నమాల అడ్డు రాకుండా విన్నది.

"అయితే ఆవిడకి నవ్వుతుండగా ఊపిరి ఆగడం కనబడాలి. అంతేగా?"

"ఆ మాట ఎత్తకు."

"మరి ఎవరిని అడుగుతావు? వీధిలోకెళ్ళి ఎవరినన్నా పట్టుకొస్తావా, కాస్త చచ్చి చూపించండి అని? సోమవారం దాకా ఆగితే ఇంకెంతమందో. నాకూ భయమేనే. కాళ్ళు చల్లబడిపోతున్నాయి. కానీ నువ్వు పక్కనుంటావు. నొక్కుతావు. ఆ బొబ్బిలావిడకి ఆ భాగ్యం కూడా లేకపోయె."

ఒక డాక్టరుని అడిగితే, ఇలాంటి పనికి ఏ డాక్టరూ ఒప్పుకోడనీ, తను విననట్టే ఉంటాననీ ఫోను పెట్టేశాడు.

శుక్రవారం పదకొండింటికి కూర్చున్నారు. రత్నమాల వెనక్కి వాలే కుర్చీలో కూర్చుంది. కదిలితే ఊపిరి గీత చెదిరిపోతుంది కనుక ఏం జరిగినా కదలనని మాటిచ్చింది. ఊపిరి గీత ఎదుటి తెర మీద ఆకుపచ్చగా పోతోంది. దాని పక్కన ఒక గడిలో ఖదీరు, ఇంకో గడిలో మార్తా. పన్నెండు సెకన్లు అనుకున్నారు. పన్నెండు కాగానే కుముద నొక్కాలి.

నవ్వు రాలేదు. కుముద ఫోన్లో జోకులు చదివింది, మంత్రాలు చదివినట్టు. రత్నమాల పళ్ళు బయటపెట్టింది గాని అది నవ్వు కాదు. అరగంట గడిచింది. ఖదీరు తనకి తెలిసినవేవో చెప్పాడు.

"ఆవిడ మొహం అలా పెట్టుకుని కూర్చుంటే నాకెలా వస్తుందే," అంది రత్నమాల మార్తాని చూపించి. "పనసకాయావిడ గుర్తుందా నీకు?"

"నలభై సార్లు చెప్పావు."

"నలభై ఒకటోసారి విను. సామర్లకోట బస్సు. ఒకావిడ ఒళ్ళో తువ్వాలులో చుట్టుకుని జాగ్రత్తగా పట్టుకునుంది. నేను అందరినీ లేపి ఆవిడకి కిటికీ పక్క సీటు ఇప్పించాను. గాలి తగలకుండా తలుపు వేయించాను. టిక్కెట్టు కొడుతూ అడిగాను, ఎన్నో నెలమ్మా అని. ఆవిడ తువ్వాలు మీద తట్టి చూసి, ఏమోనమ్మా, రేపో ఎల్లుండో పండిపోద్ది అంది."

ముందు నవ్వింది కుముదే. ఎందుకు వచ్చిందో తెలియదు, మూడు రోజుల భయమంతా కట్ట తెంచుకున్నట్టు వచ్చింది. కళ్ళ నీళ్ళతో, ముక్కు ఎగబీలుస్తూ, ఆగలేక నవ్వింది. చెల్లెల్ని చూసి రత్నమాల కూడా ఆపుకోలేకపోయింది. కుర్చీ ఊగేట్టు నవ్వింది. "తలుపు... వేయించానే..." అంటూ నవ్వింది. ఖదీరు కూడా నవ్వాడు.

తర్వాత ఆకుపచ్చ గీత పడుకుంది.

కుముద అరచెయ్యి అక్క రొమ్ము మీద పెట్టింది. అక్కడ ఏమీ లేదు. గోడ మీద చెయ్యి వేసినట్టుంది. మూడు. నాలుగు.

"చూస్తున్న," అన్నాడు ఖదీరు. "చూస్తున్న కుముదగారు."

ఎనిమిది. తొమ్మిది. మార్తా గడి కదలడం లేదు. ఆవిడ నోరు సగం తెరుచుకుని, ఒక కన్ను సగం మూసుకుని బొమ్మలా ఉండిపోయింది. లైను బిగుసుకుపోయింది.

"మార్తా," అంది కుముద. "మార్తా, చూశావా?"

పన్నెండు.

"నొక్కండి. నేను చూసిన, నొక్కండి," అన్నాడు ఖదీరు.

ఇద్దరు పెద్దలు చూడాలి. ఖదీరు ఒక్కడు. తప్పు చూపించేది తను, తన కళ్ళు లెక్కలోకి రావు. ఇప్పుడు నొక్కితే మార్తా చూడనట్టే. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. మళ్ళీ అక్కని నవ్వించాలి. మళ్ళీ ఆపాలి. ఇంకొక్క సెకను, లైను వచ్చేస్తుంది. పదిహేను. పద్ధెనిమిది. కుముద ఆ బిగుసుకున్న గడి వైపే కళ్ళార్పకుండా చూసింది. ఖదీరు అరుస్తున్నాడు. ఇరవై రెండు. గడిలో మార్తా కన్ను కదిలింది.

"చూశాను," అంది మార్తా. "గీత చూశాను. మనిషిని చూశాను. నొక్కు, నొక్కు."

ఇరవై ఆరు. కుముద నొక్కింది. ఏమీ రాలేదు. రెండు చేతులూ వేసి, బరువంతా వేసి నొక్కింది. లోపల ఏదో ఉలిక్కిపడింది. రత్నమాల గొంతులోంచి బొంగురు శబ్దం ఒకటి వచ్చింది, ఆ వెనకే ఊపిరి వచ్చింది. పెదాలు నేరేడు రంగులో ఉన్నాయి. కుముద అక్క కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది.

నాలుగు నిమిషాల్లో మూడు సంతకాలూ పడ్డాయి. ఈసారి వంతులు పెట్టలేదు. ఆదివారం సాయంత్రానికి ముప్పై ఎనిమిది వేల బిళ్ళల్లోనూ పాత ముక్క తిరిగి చేరింది. ఈలోపు ఇంకెవరూ పోలేదు. మార్తా పెద్దరికం వదులుకుంటున్నానని మూడు వాక్యాల ఉత్తరం రాసింది. కుముద బొబ్బిలికి రాసింది: "వివరాలు ఏవీ అక్కర్లేదండి. మొదటిసారే మీరు సరిగ్గా చెప్పారు. తప్పు నాది." దానికి జవాబు రాలేదు.

మంగళవారం మధ్యాహ్నం అక్కాచెల్లెళ్ళు భోజనానికి కూర్చున్నారు. రత్నమాల గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. రొమ్ము మీద కమిలిన చోట కొబ్బరినూనె రాశారు. రెండు ముద్దలు తిన్నాక ఆమె నెమ్మదిగా అంది.

"నేను స్పృహలోనే ఉన్నానే."

కుముద తలెత్తింది.

"కళ్ళు తెరిచే ఉన్నాయి. అన్నీ వినబడ్డాయి. ఆ హైదరాబాదు అబ్బాయి పన్నెండుకే నొక్కమన్నాడు. నీ చెయ్యి నా మీదే ఉంది. నువ్వు మాత్రం నావైపు చూడలేదు."

"మార్తా చూడకపోతే మళ్ళీ చెయ్యాల్సొచ్చేదక్కా. నిన్ను మళ్ళీ..."

"తెలుసు. నువ్వు చేసింది తప్పనట్లేదు. నా చోట ఎవరున్నా నువ్వు అలాగే చేసేదానివి. చాలామంది బతికారు కూడా."

"మరి?"

రత్నమాల చెల్లెలి మొహంలోకి కాసేపు చూసింది. "ఏం లేదులే. చారు పొయ్యి" అంది.

బిళ్ళ ఆ తర్వాత ఎన్నడూ ఆగలేదు. టీవీ తీగ మళ్ళీ పెట్టారు, సత్యవేణి రోజూ వస్తోంది. పని చేసుకుంటున్న కుముదకి గోడ అవతలి నుంచి అక్క నవ్వు వినిపిస్తూనే ఉంటుంది, మునుపటిలాగే, ఊపిరాడనంత పెద్దగా. ఆమె లేచి ఆ గదిలోకి అడుగుపెడితే మాత్రం ఆగిపోతుంది. రత్నమాల పెదాలు బిగించి, చెల్లెలు మళ్ళీ బయటికి వెళ్ళేదాకా ఊరికే కూర్చుంటుంది.